ఓర్కాలు కనిపిస్తాయన్న హామీ గురించి

అమెరికా, కెనడా సరిహద్దున ఉన్న సేలిష్ సముద్రంలో ఓర్కాలను (కిల్లర్ వేల్స్ అని కూడా అంటారు) చూపించడానికి తిరిగే పడవల ప్రకటనలు చదివితే చాలావాటిలో ఒకే మాట ఎదురవుతుంది. తిమింగలాలు కనిపిస్తాయని హామీ ఇస్తున్నాం, కనిపించకపోతే మరోసారి ఉచితంగా తీసుకువెళతాం అని. వేసవిలో పిల్లలతో ఆ సముద్రంలోని శాన్ వాన్ దీవులకు వెళ్లాలనుకుంటున్న ఒక స్నేహితురాలు అలాంటి ప్రకటనలు కొన్ని నాకు పంపించి, వీటిలో ఏ పడవ ఎక్కమంటారని అడిగారు. జవాబు రాయడానికి కూర్చున్నాక, ఎంతోకాలంగా నాలో నలుగుతున్న విషయం ఇదేనని తెలిసింది. పడవల్లో వెళ్లి ఓర్కాలను చూడటానికి నేను వ్యతిరేకిని కాను, ఆ హామీకి వ్యతిరేకిని. స్వేచ్ఛగా తిరిగే జంతువు ఫలానా పూట కనిపించి తీరుతుందని డబ్బు పుచ్చుకుని మాట ఇచ్చాక, ఆ మాట నిలబెట్టే భారం చివరికి ఆ జంతువు మీదే పడుతుంది.

హామీ ఎలా నిలబడుతుంది

ఈ హామీ అదృష్టాన్ని నమ్ముకుని ఇస్తున్నది కాదు. పడవల కెప్టెన్ల మధ్య, తీరం మీద దుర్భిణులు పట్టుకుని నిలబడే ఔత్సాహికుల మధ్య పొద్దుటి నుంచీ సమాచారం నడుస్తూనే ఉంటుంది. తెల్లవారాక ఏదో ఒక జలసంధిలో ఒక కుటుంబం ఎవరి కంటనైనా పడిందంటే, మధ్యాహ్నం బయలుదేరే పడవకు కూడా అది ఎటు పోతున్నదో ముందే తెలిసిపోతుంది. ఒక పడవ గడువు ముగిసి వెనక్కి మళ్లేసరికి మరొకటి వచ్చి చేరుతుంది. ఎక్కినవాళ్లకు అది మూడు నాలుగు గంటల విహారం. ఆ కుటుంబానికి మాత్రం అది తెల్లవారి మొదలై సాయంత్రం దాకా సాగే సహవాసం, మర్నాడు మళ్లీ మొదలయ్యే సహవాసం. ప్రతి పడవా విడివిడిగా నిబంధనకు లోబడే ఉండవచ్చు, ప్రతి కెప్టెనూ మర్యాదస్థుడే కావచ్చు. అన్నీ కలిపి చూస్తే వాటికి మిగిలే ఏకాంతం ఎంత అన్నది ఏ ఒక్కరి లెక్కలోకీ రాదు.

ఈ నీళ్లలో రెండు వేరువేరు ఓర్కా సమాజాలు ఉన్నాయని ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చేపల మీద, ముఖ్యంగా చినూక్ సాల్మన్ మీద బతికే జె, కె, ఎల్ అనే మూడు గుంపుల సదరన్ రెసిడెంట్లు ఒకవైపు, సీల్‌లనూ సీ లయన్లనూ డాల్ఫిన్లను పోలిన పోర్పస్‌లనూ వేటాడే బిగ్స్ ఓర్కాలు మరొకవైపు. వీపు రెక్క, దాని వెనకాల ఉండే బూడిదరంగు మచ్చ ఫోటో తీస్తే ప్రతి ఓర్కానూ విడిగా గుర్తుపట్టవచ్చని 1970లలో నిరూపించిన కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ పేరే వీటికి పెట్టారు. రెండు సమాజాలూ ఒకే నీళ్లలో తిరుగుతూ కూడా కలిసి మెలగవు, జతకట్టవు. చట్టం కూడా వీటిని వేరుగానే చూస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసిన చట్టం ప్రకారం 2025 జనవరి 1 నుంచి ఏ పడవా సదరన్ రెసిడెంట్లకు 1000 గజాల లోపుకు వెళ్లకూడదు. బిగ్స్ ఓర్కాల విషయంలో ఆ దూరం 200 గజాలే. అందువల్ల ఇవాళ ప్రకటనల్లోని హామీ దాదాపు పూర్తిగా బిగ్స్ ఓర్కాల మీద నిలబడి ఉంది. అదృష్టవశాత్తూ అవి ఏటా పెరుగుతున్నాయి. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక సీల్‌ల సంఖ్య కోలుకుంది, వాటిని తినే ఓర్కాలూ కోలుకున్నాయి. సదరన్ రెసిడెంట్ల కథ ఇందుకు విరుద్ధం. 1995లో 98 ఉన్నవి ఇప్పుడు దాదాపు 75 మాత్రమే ఉన్నాయి. అమెరికా వాటిని 2005లోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించింది.

వెయ్యి గజాలు మరీ ఎక్కువని అనేవాళ్లు దూరాన్ని కంటితో కొలుస్తున్నారు. ఓర్కా ఆ నీళ్లలో బతికేది చెవితో. చినూక్‌ను పట్టాలంటే ఓర్కా టకటకమని వరుస శబ్దాలు వదిలి, చేప కడుపులోని గాలితిత్తికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఇంజన్ మోత ఆ ప్రతిధ్వనిని కప్పేస్తుంది. అమెరికా సముద్ర మత్స్య పరిశోధకులు ఓర్కాల వీపుకు రబ్బరు గిన్నెలతో అతుక్కునే పరికరాలను తగిలించి అవి ఎలా మునుగుతున్నాయో, ఏమి వింటున్నాయో నమోదు చేశారు. పడవలు సగటున 400 గజాలకన్నా దగ్గరగా ఉన్నప్పుడు వేట కోసం వేసే మునకలు తగ్గాయనీ, అందులోనూ ఆడ ఓర్కాలు వేటను మధ్యలోనే మానుకోవడం ఎక్కువనీ 2021లో ప్రచురించారు. చుట్టూ మోత ఒక డెసిబెల్ పెరిగితే ఓర్కాలు తమ పిలుపులను కూడా ఒక డెసిబెల్ పెంచుతున్నాయని అంతకుముందే, 2009లో తేల్చారు. తినేవాళ్లు తక్కువ తింటూ, మాట్లాడేవాళ్లు ఎక్కువ గొంతు పెట్టి మాట్లాడాల్సిన బతుకు అది. అందులో తల్లుల వాటా ఇంకా కష్టమైనది.

మావయ్య అడిగిన ప్రశ్న

కిందటి వేసవిలో మా మావయ్యను తీసుకుని అనకోర్టెస్ నుంచి బయలుదేరే ఒక పడవ ఎక్కాను. దాని ప్రకటనలోనూ ఆ హామీ ఉంది. శాన్ వాన్ దీవికి పడమరగా, హారో జలసంధి వైపు వెళుతుండగా కెప్టెన్ ఉన్నట్టుండి వేగం తగ్గించాడు. మైకులో మాట వినిపించేలోపే అందరూ ఎడమ అంచుకు చేరుకున్నారు. చాలా దూరంలో, నీటి మీద సన్నని పొగలాంటి ఊపిరులు ఒకదాని వెంట ఒకటి లేచి గాలిలో కలిసిపోతున్నాయి. దుర్భిణిలో చూస్తే ఒక మగ ఓర్కా వీపు రెక్క నిలువుగా, మనిషంత ఎత్తున పైకి లేచి మెల్లగా మునిగింది. దాని పక్కనే సగం ఎత్తున్న మరో రెక్క, దాదాపు అదే క్షణంలో లేచి మునిగింది. పెద్దయిన కొడుకు తల్లి పక్కన ఈదుతున్నాడని పడవలోని నేచురలిస్టు చెప్పింది. సదరన్ రెసిడెంట్లలో కొడుకులు బతికినంతకాలం తల్లితోనే ఉంటారు. అవి జె గుంపువని నిర్ధారించుకున్న వెంటనే కెప్టెన్ పడవను నెమ్మదిగా వెనక్కి తిప్పాడు.

పడవలో అసంతృప్తి బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకాయన హామీ మాటెత్తాడు. మరొకావిడ, అవే ఇటు వస్తున్నాయి కదా, కదలకుండా నిలబడితే ఏం పోయిందని అడిగింది. మా మావయ్య కూడా నావైపు తిరిగి, "ఏమిట్రా ఇది, ఇంత దూరం వచ్చి, ఎదురుగా అవి ఉన్నాయని తెలిసి కూడా వెనక్కి తిప్పాడేమిటి?" అన్నారు. నాకు తెలిసినంతలో చెప్పాను. ఇంజన్ మోతలో వాటికి చేప జాడ వినబడదని, వినబడకపోతే తిండి దొరకదని, ఇప్పటికే తిండి చాలక ఉన్నాయని. ఆయన ముప్పై ఏళ్లు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. ఎడమ చెవి ఇప్పుడు దాదాపు వినబడదు. కాసేపు ఊరుకుని, "మగ్గాలు తిరుగుతుంటే పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. కొత్తల్లో అరిచేవాళ్లం. తర్వాత పనికి కావలసిన మాట కూడా మానేశాం" అన్నారు. పరిశోధనా పత్రాలు చదివి నేను గ్రహించినదానికన్నా ఎక్కువే ఆయనకు ఆ ఒక్క క్షణంలో అర్థమైంది. మోతలో గొంతు పెంచుతారని ఆ పత్రాల్లో ఉంది. మోత తగ్గకపోతే కొన్ని మాటలు అసలు పుట్టనే పుట్టవని ఆయనకు అనుభవంలో తెలుసు.

ఆ రోజు మేం కట్టిన డబ్బుకు దక్కిన అత్యుత్తమమైన పని, కెప్టెన్ పడవను వెనక్కి తిప్పడమేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కానీ ఆ తర్వాత జరిగింది చూశాక హామీ చేసే నష్టం నాకు స్పష్టంగా కనిపించింది. జె గుంపును వదిలిపెట్టాం కాబట్టి హామీ చెల్లించడానికి వేరే ఓర్కాలు కావాలి. అవి ఉత్తరాన, కెనడా సరిహద్దుకు దగ్గరలో ఉన్నాయని కబురు వచ్చింది. పడవ పూర్తి వేగంతో అటు పరుగెత్తింది. దారిలో ఒక రాతి దిబ్బ మీద స్టెల్లర్ సీ లయన్లు పడుకుని ఉన్నాయి. వాటి దగ్గర రెండు మూడు నిమిషాలకన్నా ఆగలేదు. నీటిమీద నల్లటి పక్షి ఒకటి, రెక్కల మీద తెల్లటి మచ్చతో, ముక్కులో అడ్డంగా ఒక చేపతో మా ముందు నుంచే ఎగిరిపోయింది. నీళ్లను తాకుతున్న దాని కాళ్లు కుంకుమలా ఎర్రగా ఉన్నాయి. అది పిజన్ గిల్లెమాట్. దాని గురించి మైకులో ఒక్క మాట కూడా రాలేదు. చిన్న పోర్పస్‌లు రెండు వీపు చూపించి మునిగాయి. ఈ సముద్రపు దక్షిణ భాగమైన ప్యూజెట్ సౌండ్‌లో 1970ల నాటికి దాదాపు కనుమరుగైపోయి, ఈ శతాబ్దంలో మళ్లీ తిరిగొచ్చిన జాతి అది. తిరిగి రావడమంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఆ నీళ్లలో దొరకదు. కానీ మాకు సమయం లేదు.

హామీ ఓర్కాలకు మాత్రమే నష్టం చేయడం లేదు. చూడవచ్చినవాళ్లకు కూడా సముద్రంలోని మిగతా ప్రాణులన్నిటినీ ఓర్కాల దాకా పోయే దారిలోని ఖాళీ స్థలంగా మార్చేస్తున్నది. ఇదే నీళ్లకు హంప్‌బ్యాక్ తిమింగలాలు తిరిగొచ్చిన కథ ఎంత గొప్పది! వేటలో ఇక్కడినుంచి తుడిచిపెట్టుకుపోయాక, 1997లో ఒక ఆడ హంప్‌బ్యాక్ వచ్చింది. అందరూ దాన్ని బిగ్ మామా అని పిలిచారు. ఏటేటా వస్తూ, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు వేసవిలో హంప్‌బ్యాక్‌లు కనిపించడం వింత కాదు. ఆ కథ చెప్పడానికి హంప్‌బ్యాక్ ఎదురుగా కనిపించనక్కర్లేదు. అది మునిగే చోట ఇరవై నిమిషాలు ఆగి చెప్పినా చాలు.

సీల్ పడవ వెనక దాక్కున్నప్పుడు

చివరికి బిగ్స్ ఓర్కాలను చూశాం. ఒక తల్లి, దాని పెద్ద కొడుకు, ఇంకా నారింజ ఛాయ వదలని ఒక చిన్న పిల్ల. కెప్టెన్ దూరం పాటించాడు, ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టాడు. ఓర్కాలు ఒకే చోట మునుగుతూ లేస్తూ తిరుగుతున్నాయి. అప్పుడు మా పడవ వెనక భాగాన, నిచ్చెన దగ్గర, ఒక సీల్ తల పైకి లేచింది. నల్లటి గుండ్రటి కళ్లు, ముక్కుపుటాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. మీసాల చివర నీటి బొట్లు వేలాడుతున్నాయి. నేను వంగితే చేతికి అందేంత దగ్గరగా ఉంది. పడవ అడుగు నుంచి కదలలేదు. మనుషులు గుమిగూడి దానికి ధైర్యం చెబుతున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. ఓర్కాలు దగ్గరికి వచ్చి, కాసేపు పడవ చుట్టూ తిరిగి, తర్వాత వెళ్లిపోయాయి. పడవలో చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేకపోయాను. సీల్ బతకడం నాకు ఇష్టం లేక కాదు, ఆ చిన్న ఓర్కాకు ఆ పూట తిండి మావల్ల తప్పిపోయిందేమోనన్న అనుమానం వల్ల. సీల్ అలసిపోయి ఉంటే, పడవ లేకపోతే ఆ వేట ఎలా ముగిసేదో తెలుసుకునే దారి లేదు. కెప్టెన్ తప్పేమీ చేయలేదు. ప్రాణులు తమంతట తాము దగ్గరికి వచ్చినప్పుడు ప్రొపెల్లర్ తిరగకుండా ఆగిపోవడమే సరైన పని, అదే చేశాడు. నిబంధనలన్నీ పాటించిన పడవ కూడా అక్కడ ఉన్నందువల్లే ఆ వేటలో ఒక పాత్ర అయిపోయింది. బిగ్స్ ఓర్కాలు వేటలో ఎక్కువగా మౌనంగా ఉంటాయి, సీల్ చెవిన పడకుండా తామే చెవులు రిక్కించి వింటాయి. పడవల మోత వాటికి రెసిడెంట్లకు చేసినంత హాని చేయదని కొందరంటారు. అవి సంఖ్యలో పెరుగుతున్నాయి కదా అన్నది వాళ్ల ఆధారం. పెరుగుతున్నమాట నిజమే. కానీ వినడం మీదే ఆధారపడి వేటాడే జంతువుకు మోత అడ్డు కాదనడం నాకు మింగుడుపడదు. తిండి పుష్కలంగా ఉన్నందువల్ల అది భరించగలుగుతున్నది అనడం ఎక్కువ సబబు.

నన్ను నిలేసే వాదనలు

ఇక్కడ నేను దాటవేయలేని ఒక చరిత్ర ఉంది. 1960లలోనూ 70లలోనూ ఈ నీళ్లలో ఓర్కాలను వలల్లో బంధించి అక్వేరియంలకు అమ్మేవారు. సదరన్ రెసిడెంట్లలో నలభైకి పైగా అలా పోయాయి, ఎక్కువగా పిల్లలే. 1970 ఆగస్టులో పెన్ కోవ్‌లో పట్టుకున్న పిల్లల్లో ఒకటైన టోకిటే మయామీలోని కొలనులో అర్ధశతాబ్దం పైగా బతికి 2023 ఆగస్టులో చనిపోయింది. ఈ వ్యాపారం వాషింగ్టన్‌లో ఆగిపోయింది ఎలా? 1976 మార్చిలో గవర్నర్ కార్యాలయంలో పనిచేసే రాల్ఫ్ మన్రో భార్యతో కలిసి బడ్ ఇన్‌లెట్‌లో తెరచాప పడవలో వెళుతూ, విమానాలతో, పేలుడు పదార్థాలతో ఓర్కాలను వలల్లోకి తోలడం కళ్లారా చూశారు. ఆయన ఊరుకోలేదు. రాష్ట్రం కోర్టుకు వెళ్లింది, అక్కడితో ఆ వేట ముగిసింది. పడవలో ఉన్న ఒక మనిషి చూడటం వల్ల జరిగిన మేలు అది. సముద్రం మీద సాక్షులే లేకపోతే ఏమవుతుందో ఈ నీళ్లకు తెలుసు. పడవలన్నిటినీ ఆపేయాలని నేను ఎన్నడూ అనకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండో వాదన చేపల గురించి. ఓర్కాలు ఆకలితో ఉన్నది చినూక్ లేకనే, పడవల వల్ల కాదు. పడవల మీద నిబంధన పెట్టడం తేలిక, సాల్మన్ల దారికి అడ్డుపడే ఆనకట్టల జోలికి పోవడం కష్టం, కాబట్టి తేలికైన దానిమీద పడుతున్నారని పడవలవాళ్లు అంటారు. ఈ మాటలో బలం ఉంది. 2008 నుంచి 2014 దాకా సదరన్ రెసిడెంట్ల మలాన్ని పరీక్షించిన పరిశోధకులు, గుర్తించగలిగిన గర్భాల్లో 69 శాతం దాకా నిలబడలేదనీ, అందుకు తిండి కొరతే ప్రధాన కారణంగా కనిపిస్తున్నదనీ తేల్చారు. 2018లో టాలెక్వా అనే తల్లి, పుట్టిన అరగంటలో చనిపోయిన పిల్లను 17 రోజులు, సుమారు వెయ్యి మైళ్లు మోసిన సంగతి ప్రపంచమంతా చూసింది. ఆ పిల్లను ఏ విహారపు పడవా చంపలేదు. ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 మధ్య తొలగించాక సాల్మన్లు పైకి ఎక్కుతున్నాయి. దిగువ స్నేక్ నది మీది నాలుగు ఆనకట్టల మీద మాత్రం వాదన తెగడం లేదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ చేపలు తక్కువైన కొద్దీ, ఉన్న ఒక్క చేపనూ వినగలగడం విలువైనదవుతుంది. చేపలు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. పడవ ఇంజన్ ఆపడానికి ఒక్క చెయ్యి చాలు. రెంటినీ పోటీకి పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

మూడో వాదన నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విహారపు పడవలు అక్కడ ఉంటేనే మిగతా పడవలు నెమ్మదిస్తాయని, సొంత పడవల్లో వచ్చే వాళ్లకు ఓర్కాలు ఉన్నాయన్న సంగతే తెలియదని అంటారు. ఇది కల్పన కాదు. ఫ్రైడే హార్బర్‌లోని వేల్ మ్యూజియం నడిపే సౌండ్‌వాచ్ అనే కార్యక్రమం ఏళ్ల తరబడి నమోదు చేస్తున్న ఉల్లంఘనల్లో అధికభాగం సొంత పడవలవాళ్లవే. విహారపు పడవల సిబ్బంది పంపే సమాచారం ఫెర్రీలకూ సరకు ఓడలకూ హెచ్చరికగా పోతుంది. 2017 నుంచి హారో జలసంధిలో సరకు ఓడలు స్వచ్ఛందంగా వేగం తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. ఓర్కాలను ఎవరూ గమనించకపోతే ఆ ఏర్పాటును ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు తగ్గిపోతారు. కాపలా అనే మాటను నేను గౌరవిస్తాను. అయితే కాపలాకు ఒక పడవ చాలు, మహా అయితే రెండు. ఇరవైమంది కాపలాదారులు ఒకరి తర్వాత ఒకరు టికెట్లు అమ్ముకుని వచ్చి నిలబడితే దాన్ని కాపలా అనడం కష్టం. పైగా నిజమైన కాపలా చేయాలంటే జనాన్ని దగ్గరికి తీసుకుపోవలసిన ఒత్తిడి ఉండకూడదు. హామీ పెట్టేది సరిగ్గా ఆ ఒత్తిడినే.

తీరం నుంచే చూడవచ్చు కదా అని మరికొందరంటారు. శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున ఉన్న లైమ్ కిల్న్ పాయింట్ అందుకు ప్రసిద్ధి. 1919లో కట్టిన దీపస్తంభం పక్కన రాళ్ల మీద కూర్చుంటే, అదృష్టం ఉన్న రోజున ఓర్కాలు ఒడ్డుకు ఆనుకునే పోతాయి. నీటి కింద పెట్టిన హైడ్రోఫోన్ల ద్వారా వాటి పిలుపులు కూడా వినవచ్చు. నేను అక్కడ గంటలు గంటలు కూర్చుని ఒక్క రెక్క కూడా చూడకుండా తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. ఆ రోజులు వృథా అయ్యాయని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ఒకే ఒక్క రోజు సెలవు దొరికే వాళ్లకూ, జీవితంలో ఒక్కసారే అటు రాగలిగిన వాళ్లకూ అలాగే చేయమని చెప్పడం నావల్ల కాదు. మా మావయ్య మళ్లీ అక్కడికి రాలేరు. ఆయనను ఒడ్డున కూర్చోబెట్టి ఉంటే ఆ తల్లీకొడుకుల రెక్కలు ఆయన కంటబడేవి కావు. ఒడ్డు చాలునని నేను వాదించలేను.

స్నేహితురాలికి రాసిన జవాబు

అందుకని ఆమెకు పడవ ఎక్కమనే రాశాను. ఎక్కేముందు ఫోన్ చేసి, దారిలో జె గుంపు ఎదురైతే మీ కెప్టెన్ ఏం చేస్తాడని అడగమన్నాను. వెనక్కి తిప్పుతాం అని తడుముకోకుండా చెప్పినవాళ్లను నమ్మవచ్చు. ఒకే కుటుంబం దగ్గర ఎంతసేపు ఉంటారో, అప్పటికే అక్కడ పడవలు ఉంటే ఏం చేస్తారో కూడా అడగమన్నాను. సీ లయన్ల దిబ్బల దగ్గర, పక్షుల దీవుల దగ్గర ఎంతసేపు ఆగుతారని అడిగితే, అవతలివాళ్ల గొంతులోనే వాళ్ల విహారం ఎలాంటిదో తెలిసిపోతుంది. ఈ మాటలకు సంతోషంగా జవాబిచ్చేవాళ్లు ఉన్నారు, నేను అలాంటివాళ్లతో ప్రయాణం చేశాను.

ఆమె వెంటనే, ఓర్కాలు కనిపించకపోతే పిల్లలకు ఏం సమాధానం చెప్పమంటారని రాశారు. నాకు తోచింది ఇది. కనిపించకపోవచ్చునని ఎక్కకముందే చెప్పండి. ఓర్కాలకు ఆ రోజు వేరే పని ఉండవచ్చునని చెప్పండి. ఆరేడేళ్ల పిల్లలకు ఇది పెద్దవాళ్లకన్నా తేలికగా అర్థమవుతుంది. ఎవరింటికైనా వెళితే వాళ్లు ఇంట్లో లేకపోవడం వాళ్లకు తెలిసిన సంగతే. హామీ పిల్లలకు నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం. డబ్బు కట్టాం కాబట్టి ఆ ప్రాణి మనకు బాకీ పడిందన్నది ఆ పాఠం. ఆ రోజు పడవలో పెద్దవాళ్ల నోట నేను విన్నది అదే.

ఒక్క విషయంలో మాత్రం పర్యాటకుల ఎంపిక మీద నాకు నమ్మకం లేదు, చట్టమే కల్పించుకోవాలి. 2018లో గవర్నర్ నియమించిన బృందం, టాలెక్వా ఉదంతం తర్వాత అదే ఏడాది, సదరన్ రెసిడెంట్లను పడవల్లో వెళ్లి చూడటాన్ని కొన్నేళ్లపాటు పూర్తిగా ఆపాలని సిఫారసు చేసింది. శాసనసభ దాన్ని అంగీకరించలేదు. కానీ 2021 నుంచి వ్యాపార పడవలకు లైసెన్సు నిబంధనలు పెట్టారు. వెయ్యి గజాల నిబంధన రాకముందు, వాటి ప్రకారం సదరన్ రెసిడెంట్ల దగ్గరికి జులై నుంచి సెప్టెంబరు దాకా రోజుకు రెండేసి గంటలు రెండుసార్లే, ఒక్కో గుంపు దగ్గర మూడు వ్యాపార పడవలకు మించకుండా వెళ్లాల్సి వచ్చేది. సంఖ్యకూ సమయానికీ పరిమితి పెట్టడం సాధ్యమేనని, వ్యాపారం దానివల్ల కూలిపోలేదని అప్పుడే రుజువైంది. అదే పద్ధతిని బిగ్స్ ఓర్కాలకు కూడా వర్తింపజేయాలన్నది నా కోరిక. అవి ప్రమాదంలో పడేదాకా ఆగవలసిన అవసరం ఏమిటి? ఒక కుటుంబం దగ్గర ఇన్ని పడవలే, ఇంత సేపే అని వస్తే, ఉదయం కనిపించినవి మధ్యాహ్నం పడవకు తప్పక దొరుకుతాయన్న ధీమా పోతుంది. ఆ ధీమా పోతే ఏ కంపెనీ కూడా హామీ రాయలేదు. అప్పుడు ప్రకటనల్లో రాసుకోవడానికి సీ లయన్లూ, గిల్లెమాట్‌లూ, తిరిగొచ్చిన పోర్పస్‌లూ, హంప్‌బ్యాక్‌లూ ఉన్నాయి. ఓర్కాలను చూసే అవకాశం ఉందని మాత్రం నిజాయితీగా రాసుకోవచ్చు.

స్నేహితురాలు ఫోన్ చేసిన కంపెనీల్లో ఒకటి, జె గుంపు కనిపిస్తే ఆగకుండా దాటిపోతామని, ఒక కుటుంబం దగ్గర అరగంటకు మించి ఉండమని చెప్పిందట. వాళ్ల ప్రకటనలో కూడా ఆ హామీ ఉంది. అయినా వాళ్లతోనే వెళ్లమని చెప్పాను. తిరిగి వచ్చాక ఆ హామీ తీసేయమని వాళ్లకు ఒక ఉత్తరం రాయమని కూడా అడిగాను. నేనూ రాస్తున్నాను.